మడత చాకా, మడత లేని కత్తా: ఎంచుకోవడం, పరీక్షించడం, వాడుకోవడం ఎలా?

బెంగళూరులో మన తెలుగువాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. "మంచి చాకు ఒకటి కొనాలనుకుంటున్నాను. మడతది తీసుకోనా, మామూలుది తీసుకోనా?" అడిగేవాళ్లు రకరకాలుగా ఉంటారు. మారతహళ్లిలో మేడ మీద కుండీల్లో కూరగాయలు పెంచేవాళ్లు, శని ఆదివారాలు సావనదుర్గ, స్కందగిరి ఎక్కేవాళ్లు, కారులో చిత్తూరుకో అనంతపురానికో వెళ్తూ దారిలో మామిడిపళ్లు కోసుకు తినేవాళ్లు, రోజూ ఇంటికొచ్చే డెలివరీ డబ్బాలతో విసిగిపోయినవాళ్లు. వీళ్లందరికీ ఒకే జవాబు కుదరదు. మీ జవాబు మీరే తేల్చుకుని, దుకాణంలో ఆ కత్తిని పరీక్షించి, ఇంటికి తెచ్చాక వేళ్లు తెగకుండా వాడుకునేదాకా ఏం చేయాలో వరసగా చెబుతాను.

తేడా చిన్నదే. మడత చాకులో బ్లేడుకీ పిడికీ మధ్య కీలు ఉంటుంది. మడత లేని కత్తిలో బ్లేడు ఉక్కే పిడి లోపలికి కొనసాగుతుంది, మధ్యలో కదిలే భాగం ఏదీ ఉండదు. కీలు ఉంది కాబట్టి మడత చాకు జేబులో పడుతుంది, అంచు పిడిలో దాక్కుంటుంది, వేరే ఒర అక్కర్లేదు. అదే కీలు వల్ల బలం తగ్గుతుంది, మురికి చేరుతుంది, పొరపాటు జరిగితే బ్లేడు వేళ్ల మీదకి మూసుకుంటుంది. మన ఇళ్లలో మడిచే కత్తిపీట ఉంటుంది చూడండి. కొత్తలో గట్టిగా నిలబడుతుంది, కొన్నేళ్లకి బందు దగ్గర ఊగుతుంది, గుమ్మడికాయ పెట్టి నొక్కితే పక్కకి వాలుతుంది. చాకు కీలు సంగతీ అంతే.

దగ్గర పెట్టుకోవలసినవి

- అంగుళాలు, సెంటీమీటర్లు రెండూ ఉన్న స్కేలు
- పాత న్యూస్‌పేపరు, బాగా పండిన టమాటా
- నల్ల మార్కర్ పెన్ను
- రెండు వైపులా వేరు వేరు గరుకుతనం ఉన్న సానరాయి. హార్డ్‌వేర్ షాపులో కార్బొరండం రాయి అంటే ఇస్తారు. ఒకే రాయి కొనేటట్టయితే 1000 గ్రిట్ (రాయి గరుకుతనాన్ని చెప్పే అంకె) దగ్గరలో ఉన్నది తీసుకోండి
- పాత టూత్‌బ్రష్, కుట్టుమిషను నూనె, మెత్తటి నూలు గుడ్డ
- ఫోన్‌లో టార్చి

1. ముందు పనులు రాసుకోండి

కాగితం మీద, నిజంగానే రాయండి. మనసులో అనుకుంటే అడవిలో కట్టెలు చీల్చడం దగ్గర మొదలవుతుంది ఊహ. రాసేటప్పటికి డబ్బాల టేపు, పండ్లు, తాడు, కొత్తిమీర కట్ట, మొక్కల కొమ్మలు, పాల ప్యాకెట్టు, ఇవే మిగులుతాయి. ప్రతి పని పక్కన ఒక గుర్తు పెట్టండి: అది లాగి కోసే పనా, నొక్కి కోసే పనా, పొడిచి తిప్పే పనా?

లాగి కోసే పనులన్నీ మడత చాకుతో హాయిగా జరుగుతాయి. టేపు, దారం, పండు, కాగితం అలాంటివే. పుచ్చకాయ, గుమ్మడికాయ, చేప, మాంసం, వేలంత లావు కొమ్మ నొక్కి కోసే పనులు. వీటికి మడత లేని కత్తే మేలు. పొడిచి తిప్పే పని, అంటే డబ్బా మూత పెకలించడం, రంధ్రం పెద్దది చేయడం లాంటివి, నిజానికి ఏ కత్తి పనీ కాదు. దానికి స్క్రూడ్రైవరు వాడండి. కొబ్బరి బోండాం కూడా ఈ జాబితాలోంచి తీసేయండి. దానికి బరువైన మచ్చుకత్తి, చేయి తిరిగిన మనిషి, రెండూ కావాలి.

జాబితాలో పదింట ఎనిమిది పనులు లాగి కోసేవే అయితే మడత చాకు కొనండి. సగానికి సగం నొక్కి కోసేవైతే మడత లేనిదే కొనండి. వంట అయితే ఆలోచించే పనే లేదు, మడత లేనిదే. కీలు సందుల్లోకి మామిడి రసం, చేప నీచు చేరితే ఎంత కడిగినా పూర్తిగా పోదు.

2. కత్తి ఎక్కువసేపు ఎక్కడ ఉంటుందో తేల్చుకోండి

ఈ మాట చాలామంది వదిలేస్తారు. కత్తితో పని రోజుకి రెండు నిమిషాలు. మిగతా సమయమంతా అది ఎక్కడో ఒకచోట పడి ఉంటుంది. జేబు, ఆఫీసు బ్యాగు, కారు, వంటిల్లు, మేడ మీద కుండీల పక్కన పనిముట్ల బుట్ట.

జేబులోనో బ్యాగులోనో అయితే మడతదే. ఒర ఎంత మంచిదైనా బ్యాగులో మడత లేని కత్తి అటూ ఇటూ తిరిగి ఎప్పుడో ఒకప్పుడు ఒర జారుతుంది. పైగా అది పదిమందికి కనబడితే లేనిపోని టెన్షన్. పనిముట్ల బుట్టలోనో వంటింటి గోడకో అయితే మడత లేనిది పెట్టుకోండి. ఒక చేత్తో తీయొచ్చు, వాడి కడిగి పెట్టేయొచ్చు.

ఆఫీసు బ్యాగులో రోజూ మోసేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. మెట్రో స్టేషన్‌లో బ్యాగు స్కానర్ గుండా వెళ్తుంది. కత్తి కనిపిస్తే ఆపుతారు, మీరు ఎంత చెప్పినా వాళ్ల పని వాళ్లు చేస్తారు. విమానంలో చేతి సామానులో ఏ కత్తీ పెట్టవద్దు, కీచైనుకి ఉండే బుల్లి చాకు కూడా. చెక్-ఇన్ సామానులో, మొన బయటికి రాకుండా చుట్టి పెట్టండి. కెంపేగౌడ విమానాశ్రయం దాకా వెళ్లాక బ్యాగు అడుగున చాకు ఉందని గుర్తొస్తే దాన్ని అక్కడ వదులుకోవడం తప్ప దారి ఉండదు.

3. స్కేలు పెట్టి కొలవండి

మన దేశంలో 1959 ఆయుధాల చట్టం, దాని కింద వచ్చిన 2016 నియమాలు ఉన్నాయి. 9 అంగుళాల కంటే పొడవు గానీ, 2 అంగుళాల కంటే వెడల్పు గానీ ఉన్న బ్లేడుతో వచ్చే కత్తులు అందులో ఆయుధాల జాబితాలోకి వస్తాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకి తయారైన వాటిని అందులోంచి మినహాయించారు. వంటింటి కత్తి, కొడవలి మనం నిశ్చింతగా ఇంట్లో పెట్టుకోగలుగుతున్నది అందుకే.

బ్లేడు పొడవంటే పిడి ముగిసినచోటి నుంచి మొన దాకా. ఆన్‌లైన్‌లో కొంటే మొత్తం పొడవు, బ్లేడు పొడవు వేరు వేరుగా రాస్తారు, కలిపేసుకోకండి.

కొలత లోపల ఉన్నంత మాత్రాన ఎక్కడికైనా పట్టుకుపోవచ్చని కాదు. బహిరంగ చోట కత్తి ఎందుకు ఉందని పోలీసులు అడిగితే సూటిగా చెప్పగలిగే పని మీకు ఉండాలి. నా మాట వింటే జేబులో చాకు బ్లేడు 3 అంగుళాల చుట్టుపక్కల ఉంటే చాలు. ఇంట్లో మడత లేనిది 4 అంగుళాలు. ఇంతకు మించి అవసరమైన మనిషి ఈ నగరంలో అరుదు. బటన్ నొక్కితే ఠక్కున తెరుచుకునే చాకుల జోలికి అసలు పోవద్దు. ఢిల్లీ పరిధిలో అలాంటి వాటి మీద 1980 నుంచి ప్రత్యేక నోటిఫికేషనే ఉంది.

4. మడత చాకు అయితే ఏ లాక్ కావాలో ఎంచుకోండి

లాక్ లేనిది: విక్టోరినాక్స్ ఎర్ర చాకు అందరూ చూసిందే. 1897లో స్విట్జర్లాండ్‌లో వచ్చిన ఆఫీసరు చాకుకి వారసుడు. పెద్ద బ్లేడు తెరిచాక వెన్ను వైపు ఉన్న స్ప్రింగు దాన్ని పట్టి ఉంచుతుంది, అంతే. లాగి కోయడానికి బాగుంటుంది. పొడిస్తే మాత్రం మూసుకుపోతుంది.

రింగు లాక్: ఫ్రాన్స్‌లో సవొయ్ ప్రాంతపు ఒపినెల్ చాకు. 1890 నుంచి ఉంది. పిడి పైన ఉండే లోహపు రింగుని తిప్పి బ్లేడుని బిగించే ఏర్పాటు 1955లో వచ్చింది. తేలిక, పల్చటి బ్లేడు, పండ్లు కోయడానికి దీన్ని మించింది లేదంటాను. చెక్క పిడి కాబట్టి వానలో తడిస్తే ఉబ్బి బ్లేడు బిగుసుకుపోతుంది. అప్పుడు గోటితో లాగి పెనుగులాడకండి. నీడలో ఆరనివ్వండి, లేదా పిడి వెనక కొసని బల్ల అంచుకి తడితే బ్లేడు కొద్దిగా బయటికి వస్తుంది.

వెన్ను లాక్: పిడి వెన్ను మీద నొక్కితే విడుస్తుంది. అమెరికాలో బక్ కంపెనీ 110 మోడల్‌తో 1960లలో బాగా పేరొచ్చింది. గట్టిది, కానీ మూయడానికి రెండు చేతులు కావాలి.

లైనర్ లాక్: పిడి లోపలి లోహపు రేకు ఒకటి పక్కకి జరిగి బ్లేడు తోక, అంటే కీలు దగ్గర పిడిలో ఉండే వెనక భాగం, వెనక అడ్డం నిలబడుతుంది. ఇప్పుడు దుకాణాల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. మంచిది చాలా మంచిది, నాసిది చాలా ప్రమాదం. అందుకే తర్వాతి మెట్టు నిదానంగా చదవండి.

5. దుకాణంలో మడత చాకుని పరీక్షించడం

ఎస్పీ రోడ్డు, అవెన్యూ రోడ్డు, శివాజీనగర్ వైపు హార్డ్‌వేర్ షాపులు తిరిగినా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా ఈ పరీక్షలు తప్పవు. ఆన్‌లైన్‌దైతే వాపసు గడువులోపే చేయండి.

ముందుగా మూసి ఉన్న చాకుని పైనుంచి చూడండి. బ్లేడు, పిడిలో అది దాక్కునే గాడి మధ్యలో నిలవాలి. ఒక పక్కకి ఆనుకుని ఉంటే కీలు వంకరగా బిగించారన్నమాట. తర్వాత నూలు గుడ్డ కొసని ఆ గాడి మీదుగా మెల్లగా లాగండి. దారం తగులుకుంటే మొన పిడిలోంచి బయటికి పొడుచుకుని ఉంది. అలాంటిది జేబులో పెట్టుకోకూడదు.

ఇప్పుడు తెరవండి. పిడిని ఒక చేత్తో పట్టుకుని, బ్లేడు మొన దగ్గర రెండు పక్కల్నీ బొటనవేలు, చూపుడువేలితో పట్టి అటూ ఇటూ కదపండి. టకటక చప్పుడు రాకూడదు. కొద్దిగా కదిలితే కీలు స్క్రూ బిగించి మళ్లీ చూడండి. రివెట్ అయితే బిగించడం మన చేతిలో లేదు, వదిలేయండి. పైకీ కిందకీ కదిలితే స్క్రూ ఉన్నా సరే వద్దు. అది లాక్ సరిగ్గా కూర్చోకపోవడం.

లైనర్ లాక్ అయితే ఫోన్ టార్చి వేసి పిడి లోపలికి చూడండి. పక్కకి జరిగిన రేకు కొస, బ్లేడు తోకని ఎంతమేర తాకుతోందో కనిపిస్తుంది. అంచున గోరు పట్టేంత మాత్రమే తాకుతుంటే చిన్న దెబ్బకే జారిపోతుంది. రేకు జరిగి జరిగి అవతలి గోడకి ఆనుకుపోయి ఉంటే ఇప్పటికే దాని ఆయుష్షు అయిపోయింది, అరిగే కొద్దీ జరగడానికి చోటు లేదు. రేకు మందంలో సగం నుంచి పూర్తి మందం దాకా తోక వెనక నిలబడి, అవతలి గోడకి ఇంకా ఖాళీ మిగిలి ఉంటే అది సరైనది.

లాక్ బలం చూసే పద్ధతి ఇది. పిడిని రెండు పక్కల నుంచి అరచేత్తో పట్టుకోండి, వేళ్లు ఒక్కటీ గాడి వైపు ఉండకూడదు. బ్లేడు మూసుకుంటే దాని దారిలో ఏమీ లేదని ఇంకోసారి చూసుకోండి. అప్పుడు బ్లేడు వెన్నుని బల్ల అంచుకి ఆనించి, మూసే దిశలో నిదానంగా బరువు పెంచుతూ నొక్కండి. లాక్ కదలకూడదు. వీడియోల్లో బ్లేడు వెన్నుని బల్ల మీద దబదబా కొట్టి చూపిస్తారు. అలా చేయకండి, మంచి లాక్ కూడా పాడవుతుంది. షాపతను ఒప్పుకోకపోతే కొన్నాక మొదటి పనిగా ఇంట్లో చేయండి. లాక్ లేని చాకుకి ఈ పరీక్ష వర్తించదు.

చివరగా మూసి తెరిచి ఓ ఇరవైసార్లు చూడండి. ప్రతిసారీ లాక్ పడిన చప్పుడు ఒకేలా ఉండాలి.

6. మడత లేని కత్తిని పరీక్షించడం

ఇక్కడ చూడాల్సినవి తక్కువ, కానీ పిడి లోపల ఏముందో కనబడదు. పిడి రెండు చెక్కల మధ్య ఉక్కు పట్టీ వెనక కొస దాకా కనిపిస్తే బ్లేడు ఉక్కు నిండుగా సాగిందని అర్థం. కనబడకపోతే లోపల సన్నటి ఉక్కు ఉంటుంది. అదంతా నాసిరకం కాదు. స్వీడన్‌లో మోరా ఊరి కత్తులు చాలావాటికి ఉక్కు పిడి లోపలే ఉంటుంది, ఏళ్ల తరబడి పనిచేస్తాయి. చౌక కత్తుల్లో మాత్రం అంగుళం ఉక్కు దింపి ప్లాస్టిక్ పోస్తారు. పిడి కొసని చెక్క బల్ల మీద మెల్లగా తట్టి వినండి. లోపల ఏదో గలగలమంటే పక్కన పెట్టేయండి.

తర్వాత ఒర. కత్తిని ఒరలో పెట్టి, కింద మడిచిన దుప్పటి వేసి, తలకిందులుగా పట్టుకుని గట్టిగా ఊపండి. జారకూడదు. తోలు ఒర అయితే మొన తగిలేచోట కుట్టు వెంబడి నొక్కి చూడండి, మెత్తగా లొంగితే మొన ఒకనాడు బయటికి వస్తుంది.

ఆ తర్వాత ఒర తీయకుండానే చేతికి సబ్బునీళ్లు రాసుకుని పిడి పట్టి, ఒర కొసని దిండుకి ఆనించి ముందుకి తోయండి. చేయి బ్లేడు వైపు జారిపోతే ఆ పిడికి వేలిని ఆపే మెట్టు చాలదు. చేప కోసేటప్పుడు, వానలో కొమ్మ కోసేటప్పుడు ఇదే జరుగుతుంది. ఇంట్లో చేసే పరీక్షలన్నిటిలోనూ నేను దీనికే ఎక్కువ విలువిస్తాను.

7. ఉక్కు సంగతి

క్లుప్తంగా చెబుతాను. కార్బన్ స్టీలు తేలిగ్గా పదునెక్కుతుంది, తేలిగ్గా తుప్పు పడుతుంది. నిమ్మకాయ, మామిడికాయ కోసి పది నిమిషాలు వదిలేస్తే నల్ల మచ్చ కనిపిస్తుంది. స్టెయిన్‌లెస్ తుప్పుని తట్టుకుంటుంది, కానీ తుప్పు అసలే పట్టదని కాదు. మడత చాకు స్టెయిన్‌లెస్ తీసుకోండి, ఎందుకంటే కీలు లోపల తడి మీకు కనబడదు. మడత లేనిది రోజూ తుడిచే అలవాటుంటేనే కార్బన్. చెన్నైలో సముద్రపు గాలి తగిలే ఇళ్లలో ఉండేవాళ్లకి రెండింట్లోనూ స్టెయిన్‌లెస్సే మంచిది.

8. తెరవడం, మూయడం, ఇచ్చిపుచ్చుకోవడం

మడత చాకుతో కోసేటప్పుడే కాదు, అది మూసుకునేటప్పుడూ వేళ్లు తెగుతాయి. మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన లాక్ లేని చాకుతో డబ్బాని పైనుంచి పొడిచారు. బ్లేడు అట్టలో ఇరుక్కుంది, చేయి ముందుకెళ్లింది, చూపుడువేలి మీదకి చాకు మూసుకుంది. కుట్లు పడ్డాయి. అదే టేపుని మొన దగ్గర మొదలుపెట్టి పక్కకి లాగి ఉంటే ఏమీ అయ్యేది కాదు.

మూసేటప్పుడు ఇలా చేయండి. లాక్ విడిచి బ్లేడుని పావు వంతు మడవండి. అక్కడ ఆగి, లాక్ నొక్కిన వేలిని దారిలోంచి తీసేయండి. తర్వాత రెండో చేయి అరచేతిని బ్లేడు వెన్నుకి ఆనించి మూయండి. రింగు లాక్ అయితే తెరిచిన వెంటనే రింగు తిప్పడం మరవకండి. తిప్పకపోతే లాక్ ఉన్నా లేనట్టే.

ఇంకొకరికి ఇవ్వాలంటే మడత చాకుని మూసి ఇవ్వండి. మడత లేనిదాన్ని ఒరలో పెట్టి ఇవ్వండి, లేదా బల్ల మీద పెట్టి తీసుకోమనండి. కత్తి చేతికివ్వకూడదని పెద్దవాళ్లు అంటుంటారు, ఆ అలవాటు నిలుపుకోండి. జారి పడుతున్న కత్తిని ఎప్పుడూ పట్టుకోవద్దు. పాదాలు వెనక్కి తీసుకుని పడనివ్వండి.

తెగితే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు ఆపకుండా అదిమి పట్టండి, మధ్యలో తీసి చూడొద్దు. రక్తం ఆగకపోయినా, వేలు మడవలేకపోయినా, మొద్దుబారినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. టీటీ ఇంజెక్షన్ సంగతి డాక్టరుని అడగండి.

9. పదును పెట్టడం

మొద్దు కత్తికి ఎక్కువ బలం పెట్టాలి, ఎక్కువ బలం పెట్టినప్పుడే చేయి జారుతుంది. కాబట్టి ఈ పని వాయిదా వేయకండి.

ముందు అంచు వెంబడి మార్కర్‌తో గీయండి. రాయిని తడిపి, కింద తడిగుడ్డ వేసి కదలకుండా పెట్టండి. బ్లేడుని దాదాపు 20 డిగ్రీల వంపులో పట్టుకోవాలి. లెక్క ఇలా వేసుకోండి: బ్లేడు 2 సెంటీమీటర్ల వెడల్పుంటే దాని వెన్ను రాయి నుంచి 7 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి. రెండుసార్లు రుద్ది చూడండి. మార్కర్ గీత కొస దాకా చెరిగితే వంపు సరిపోయింది. అంచు దగ్గర సిరా మిగిలితే వెన్ను ఇంకొంచెం ఎత్తండి. అంచు ఒక్కటే చెరిగి పైన మిగిలితే కొంచెం దించండి. మోరా లాంటి కత్తులకి అంచు పక్కన వెడల్పాటి ఏటవాలు చదును ఉంటుంది. వాటికి లెక్కలు అక్కర్లేదు, ఆ చదునుని రాయికి పూర్తిగా ఆనించి రుద్దితే చాలు.

ఒక వైపే రుద్దుతూ పోండి, అవతలి వైపుకి సన్నటి ఉక్కు పొర మడత పడేదాకా. వేలిని వెన్ను నుంచి అంచు వైపుకి, బయటికి జారేలా మెల్లగా లాగితే ఆ పొర గరుకుగా గోరుకి తగులుతుంది. అంచు వెంబడి వేలు పోనివ్వకండి. మడమ (పిడి దగ్గర అంచు మొదలయ్యేచోటు) నుంచి మొన దాకా ఆ గరుకు తగలాలి. తగిలాక రెండో వైపు అలాగే చేయండి. చివర బరువు పెట్టకుండా ఒక్కో వైపు ఒక్కోసారి మారుస్తూ ఆ పొరని తీసేయండి. పాత తోలు బెల్టు వెనక వైపు మీద, వెన్ను ముందుకి పెట్టి నాలుగుసార్లు లాగితే ఇంకా మెరుగు.

మడత చాకుకి సాన పెట్టేటప్పుడు లాక్ పడి ఉండాలి. లాక్ లేనిదైతే బ్లేడు మూసుకునే దిశలో బరువు పడకుండా చూసుకోండి. పని అయ్యాక రాతి పొడి కీలులో మిగలకుండా కడగండి.

సైకిలు మీద సాన చక్రంతో వచ్చేవాళ్లకి వంటింటి కత్తి ఇవ్వొచ్చు. మడత చాకు ఇవ్వకండి. చక్రం వేగానికి పల్చటి బ్లేడు వేడెక్కి గట్టిదనం పోగొట్టుకుంటుంది.

ఎలా వచ్చిందో ఇలా చూడండి. అంచుని లైటు కిందికి తెచ్చి సూటిగా చూస్తే ఎక్కడా మెరుపు చుక్కలు ఉండకూడదు. మెరిసినచోట పదును లేదు. న్యూస్‌పేపరుని ఒక చేత్తో గాలిలో పట్టుకుని పైనుంచి లాగితే చిరగకుండా తెగాలి. ఒకేచోట ఆగిపోతుంటే అక్కడే మళ్లీ రాయి మీద పెట్టండి. టమాటా తోలు మీద ఆనించి, నొక్కకుండా లాగితే దిగాలి. బొటనవేలి మీద పెట్టి చూడటం మానేయండి.

10. శుభ్రం

మడత లేనిది కడిగి, తుడిచి, పది నిమిషాలు గాలికి ఆరనిచ్చి ఒరలో పెట్టండి. కార్బన్ స్టీలు కత్తిని వానాకాలమంతా తోలు ఒరలో వదిలేయవద్దు. తోలు తడిని పట్టి ఉంచుతుంది. కాగితంలో చుట్టి ఒర పక్కన పెట్టండి.

మడత చాకుని గోరువెచ్చటి సబ్బునీళ్లలో తెరిచి, టూత్‌బ్రష్‌తో గాడి, కీలు, లాక్ తాకేచోట రుద్దండి. జేబులోని నూలు పోగులు లాక్ కిందికి చేరి అది పూర్తిగా పడకుండా ఆపుతాయి. చాలామంది లాక్ పాడైందనుకునేది ఇదే. బాగా ఆరాక కీలులో ఒక్క చుక్క కుట్టుమిషను నూనె వేసి, నాలుగైదుసార్లు మూసి తెరిచి, బయటికొచ్చిన నూనె తుడిచేయండి. పండ్లు కోసే చాకైతే వాడే ముందు బ్లేడుని కూడా తుడవండి. కొబ్బరినూనె కీలులో వేయకండి. బెంగళూరు డిసెంబరు చలికి సీసాలోనే గడ్డకట్టేది కీలులో ఊరుకోదు, చాకు తెరవడం కష్టమవుతుంది.

తరచూ జరిగే పొరపాట్లు

ట్రెకింగు కోసం పెద్ద కత్తి కొనడం వీటిలో మొదటిది. సావనదుర్గ, స్కందగిరి లాంటివి అటవీ శాఖ అదుపులో ఉన్న కొండలు. అక్కడ కొమ్మలు నరకడం నేరం, మంట వేయడం ఇంకా పెద్ద తప్పు. మీకు అక్కడ కావలసింది పండు కోయడానికి, దారం తెంపడానికి చిన్న మడత చాకు మాత్రమే.

మడత చాకు వెన్ను మీద రాయితోనో కర్రతోనో కొట్టి కట్టె చీల్చడం ఇంకొకటి. ఆ దెబ్బలన్నీ కీలు మీదే పడతాయి. చాకు పైకి బాగానే కనిపిస్తుంది, లాక్ లోపల వదులవుతుంది. తర్వాత ఇంకెప్పుడో, ఇంకెవరి చేతిలోనో మూసుకుంటుంది.

పది పనిముట్లున్న చాకు కొని అందులో కత్తి ఒక్కటే వాడటం చూస్తుంటాను. అంత బరువు జేబులో ఎందుకు? కత్తెర, ఓపెనర్ నిజంగా అవసరమైతేనే తీసుకోండి.

పిల్లలున్న ఇంట్లో మడత చాకు మూసి ఉంది కదా అని టీపాయ్ మీద వదిలేయడం మరీ తప్పు. తెరవడం పిల్లలకి ఆట, మూయడం రాదు. రెండు రకాలూ తాళం వేసిన సొరుగులోనే ఉండాలి.

నెలకోసారి 5వ మెట్టులో చెప్పిన లాక్ పరీక్ష మళ్లీ చేయండి. బ్లేడు ఊగితే శుభ్రం చేసి, స్క్రూ బిగించి, మళ్లీ నొక్కి చూడండి. అప్పటికీ లాక్ జారుతుంటే ఆ చాకుని ఎవరికీ ఇవ్వకండి, పనమ్మాయికో వాచ్‌మన్‌కో అసలు ఇవ్వకండి. అంచుని రాయి మీద అడ్డంగా రుద్ది మొద్దు చేసి, మందంగా టేపు చుట్టి, పాత ఇనుము కొనేవాళ్లకి విషయం చెప్పి ఇచ్చేయండి.